రాకాసి గుడి వయసు కార్బన్‌తో తెలుస్తుందా?

ప్రశ్న: సార్, నేను ములుగు జిల్లాలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా ఊరి గుట్ట మీద పెద్ద బండల్ని పెట్టెల్లాగా నిలబెట్టి, పైన మూతబండ వేసిన పాత సమాధులున్నాయి. అందరూ రాకాసి గుళ్లు అంటారు. జిల్లా సైన్స్ ఫేర్‌కు కార్బన్ డేటింగ్ మీద ప్రాజెక్టు చేస్తానని పేరు ఇచ్చాను. ఆ బండల వయసు ఈ పద్ధతితో కనుక్కోవచ్చా? అక్కడ నేల మీద నాకు బొగ్గు ముక్కలు దొరికాయి. వాటిని పరీక్షకు పంపొచ్చా? మా మామయ్య భూపాలపల్లిలో బొగ్గు బావిలో పనిచేస్తాడు, అక్కడి బొగ్గు కూడా తెచ్చిస్తానన్నాడు. తాతయ్య దగ్గర ఒక తాటాకు గ్రంథం ఉంది. దాని వయసు తెలుస్తుందా? పుస్తకంలో అర్ధాయువు, లాగ్ అని ఉన్నాయి కానీ నాకు అర్థం కాలేదు. జడ్జీలు అడిగితే ఏం చెప్పాలోనని టెన్షన్‌గా ఉంది. చార్టు అతికించడం కాకుండా చేతితో చేసి చూపించేది ఏదైనా చెప్పండి.

జవాబు:

బిడ్డా,

బండల వయసు కార్బన్ డేటింగ్‌తో తెలియదు. నీ ప్రాజెక్టు మొత్తం ఈ మాట చుట్టూనే తిరగాలి కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఒకప్పుడు బతికి ఉన్నది ఎప్పుడు చనిపోయిందో ఈ పద్ధతి చెబుతుంది, అంతవరకే. చెట్టు, గింజ, ఆకు, ఎముక, నూలు, ఉన్ని, ఇవి కాలితే మిగిలే బొగ్గు, ఇలాంటివే దీనికి పనికొస్తాయి. మన గుట్టల్లోని గ్రానైటు రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడినది. దాన్ని మనుషులు ఏ రోజున ఎత్తి నిలబెట్టారో ఆ రాయిని ఎంత పరీక్షించినా కార్బన్ చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులో దీన్ని తప్పు చెప్పాను. పాత గుళ్ల వయసు కార్బన్ డేటింగ్‌తో కనుక్కుంటారని పిల్లలకు రాయించాను. మరుసటి ఏడు గానీ సరిదిద్దుకోలేదు. నీ చుట్టుపక్కల కూడా ఇదే మాట వినిపిస్తుంది, నమ్మకు. రామప్ప గుడి 1213 నాటిదని మనకు తెలిసింది రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం వల్ల. హనుమకొండ వేయి స్తంభాల గుడికి 1163 అని చెప్పేదీ శాసనమే. రాకాసి గుళ్ల దగ్గర మనకు చదువుకోవడానికి శాసనం లేదు. అందుకే అక్కడ ఆ సమాధి కట్టిన రోజుల్లోనే చనిపోయినది ఏదైనా దొరుకుతుందా అని పురావస్తువాళ్లు చూస్తారు. లోపల పెట్టిన మనిషి ఎముక కావచ్చు, కుండలో పోసిన గింజ కావచ్చు, మట్టి కింద భద్రంగా ఉండిపోయిన బొగ్గు కావచ్చు.

ఇక అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. కార్బన్‌లో మూడు రకాలున్నాయి. మూడింటిలోనూ ప్రోటాన్లు ఆరే, న్యూట్రాన్లలోనే తేడా. ఆరు న్యూట్రాన్లుంటే కార్బన్-12, ఏడుంటే కార్బన్-13, ఎనిమిదుంటే కార్బన్-14. నూటికి దాదాపు 99 పాళ్లు మొదటిదే. మిగిలిన ఒక పాలు రెండోది. మూడోది లెక్కకు కూడా అందనంత తక్కువ, లక్ష కోట్ల పరమాణువుల్లో సుమారు ఒకటి ఉంటుంది. లక్ష కోట్లు అంటే ఎంతో తెలియాలంటే బియ్యం గింజలతో పోల్చు. ఒక గింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములు అనుకుంటే లక్ష కోట్ల గింజలు 20 వేల టన్నులవుతాయి. పది టన్నుల లారీలు రెండు వేలు కావాలి. వాటిని ఒకదాని వెనక ఒకటి నిలబెడితే వరంగల్ నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా వస్తాయి. ఆ లారీలన్నిటిలో ఒక్క గింజ రంగు వేరు. శాస్త్రవేత్తలు లెక్కపెట్టేది ఆ గింజనే. ఈ పోలికను చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయి, చూసేవాళ్లు ఆగి చదువుతారు.

ఆ మూడో రకం ఎక్కడి నుంచి వస్తుంది? అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన వాతావరణం పైభాగాన్ని తాకినప్పుడు న్యూట్రాన్లు వెలువడతాయి. ఆ న్యూట్రాన్ గాలిలోని నైట్రోజన్ కేంద్రకంలోకి దూరి ఒక ప్రోటాన్‌ను బయటికి నెట్టేస్తే, నైట్రోజన్ కాస్తా కార్బన్-14గా మారుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దాన్ని ఆకు పీల్చుకుంటుంది. ఆకును మేక తింటుంది, జొన్నను మనం తింటాం. అలా గాలిలో ఏ పాళ్లలో ఉందో, దాదాపు అదే పాళ్లలో నీలో, నాలో, మీ ఇంటి ముందు వేపచెట్టులో కార్బన్-14 ఉంటుంది. కానీ అది నిలకడ లేనిది. ఒక ఎలక్ట్రాన్‌ను వదిలేసి మళ్లీ నైట్రోజన్ అయిపోతుంది.

మన దగ్గర చెరువు పక్కనే దానికి కాలువతో కలిసిన చిన్న కుంట ఉంటుంది కదా. చెరువులోకి వాగు వస్తూనే ఉంటుంది, కొంత నీరు ఇంకిపోతూనే ఉంటుంది, అందుకని మట్టం ఒక తీరుగా నిలుస్తుంది. వాతావరణం ఆ చెరువు. బతికున్న ప్రాణి ఆ కుంట. కాలువ పారినంతకాలం చెరువు మట్టమే కుంట మట్టం. ప్రాణి చనిపోవడమంటే కాలువకు తూము వేసేయడం. ఆ క్షణం నుంచి కుంటలోకి కొత్త నీరు రాదు, ఉన్నది ఇంకుతూ ఉంటుంది. ఎంత తగ్గిందో కొలిస్తే తూము ఎప్పుడు పడిందో చెప్పొచ్చు. ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకో. కుంటలో నీరు ఎండాకాలం ఎక్కువ తగ్గుతుంది, వానాకాలం తక్కువ తగ్గుతుంది. కార్బన్-14 అలా కాదు. ఎండ, వాన, మట్టి, మంట, ఏదీ దాని వేగాన్ని మార్చలేదు. కుండలో ఉన్నా, గోదావరి ఒడ్డున పూడుకుపోయినా ఒకే లెక్క. ఈ పద్ధతిని నమ్మగలగడానికి కారణం అదే.

ఇప్పుడు నిన్ను భయపెట్టిన అర్ధాయువు. తొలి ఏకాదశికి ఇంట్లో జొన్న పేలాలు వేయిస్తారు కదా, పెనం దగ్గర కూర్చుని చూడు. ఏ గింజ ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ పెనం మొత్తం మీద ఎన్ని పేలతాయో ఒక అంచనా దొరుకుతుంది. కార్బన్-14 కూడా అంతే. ఒక్క పరమాణువును పట్టుకుని ‘నువ్వెప్పుడు మారతావు’ అంటే జవాబు ఉండదు. కోట్ల సంఖ్యలో ఉన్నప్పుడు మాత్రం 5,730 ఏళ్లకు సరిగ్గా సగం మారిపోతాయి. మరో 5,730 ఏళ్లకు మిగిలినదాంట్లో సగం, అంటే మొత్తంలో పావు వంతు మిగులుతుంది. 17,190 ఏళ్లకు ఎనిమిదో వంతు. పోలికలో ఒక లోటు ఉంది. పెనం మీద గింజ వేడెక్కే కొద్దీ పేలే వేళ దగ్గరపడుతుంది. కార్బన్-14కు అలాంటి ముసలితనం లేదు. పుట్టి పదివేల ఏళ్లయినదానికీ నిన్న పుట్టినదానికీ రేపు మారే అవకాశం సమానమే. అందుకే ఫేర్‌లో చూపించడానికి పేలాల కంటే చింత గింజలు మంచివి, వాటి సంగతి తరువాత చెబుతాను.

లాగ్ అనే మాట చూసి బెదిరిపోకు. ‘ఎన్నిసార్లు సగం చేస్తే ఇంత మిగులుతుంది’ అన్న ప్రశ్నకు జవాబే ఇక్కడ లాగ్. సగం మిగిలితే ఒకసారి, పావు మిగిలితే రెండుసార్లు. నూటికి 70 పాళ్లు మిగిలితే? ఒకసారి కూడా పూర్తిగా సగం కాలేదు, సుమారు 0.515 సార్లు. దాన్ని 5,730తో గుణిస్తే దాదాపు 2,950 ఏళ్లు. ఫోన్ కాలిక్యులేటర్‌లో 0.7 లాగ్‌ను 2 లాగ్‌తో భాగించి, మైనస్ గుర్తు తీసేస్తే ఆ 0.515 వస్తుంది. ఇంతకు మించి గణితం నీకు అక్కర్లేదు.

ఈ పద్ధతిని కనిపెట్టింది విల్లార్డ్ లిబ్బీ, షికాగో విశ్వవిద్యాలయంలో. కార్బన్-14ను 1940లోనే మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ కనుగొన్నారు. దాంతో కాలం కొలవొచ్చని నిరూపించింది లిబ్బీ బృందం. ఆయనకు 1960లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. బతికున్నవాటిలో నిజంగా కార్బన్-14 ఉంటుందా అని ముందు తేల్చుకోవాలి. అందుకు వాళ్లు బాల్టిమోర్ నగరం మురుగు నుంచి వచ్చే మీథేన్ వాయువును తీసుకున్నారు. మురుగంటే నిన్న మొన్న మనుషులు తిన్నదే కదా. దాన్ని పెట్రోలియం నుంచి వచ్చిన మీథేన్‌తో పోల్చారు. మురుగు మీథేన్‌లో కార్బన్-14 ఉంది, పెట్రోలియం మీథేన్‌లో లేదు. రెండూ ఒకే వాయువు, ఒకే మంట. సిలిండర్‌లోది మీథేన్ కాకపోయినా, మన ఊళ్ల మాటలో చెప్పాలంటే గోబర్ గ్యాస్‌కు, సిలిండర్ గ్యాస్‌కు వయసులో ఉన్న తేడా లాంటిది అది. పేడ మొన్నటి గడ్డి, సిలిండర్‌లోది కోట్ల ఏళ్ల నాటిది. ఆ తరువాత ఈజిప్టు రాజుల సమాధుల్లోని కలపను, అంటే వయసు ముందే తెలిసినవాటిని, కొలిచి సరిచూసుకున్నారు. 1949లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇక్కడే మీ మామయ్య బొగ్గు అక్కరకొస్తుంది. మన భాషలో దాన్ని రాక్షసి బొగ్గు అంటారు, పొయ్యిలో మిగిలేది కర్ర బొగ్గు. మీ గుట్ట మీదివి రాకాసి గుళ్లు. ఎవరు చేశారో, ఎప్పటిదో తెలియనివాటిని మన పెద్దలు రాక్షసుల పేరున రాశారు. రెంటికీ పేరు ఒకటే అయినా వాటి కాలాల మధ్య దూరం మనసుకు అందనంత పెద్దది. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవుల నుంచి వచ్చింది. నువ్వే లెక్క చెయ్యి. బతికున్న ప్రాణి నుంచి తీసిన ఒక గ్రాము కార్బన్‌లో సుమారు 6,000 కోట్ల కార్బన్-14 పరమాణువులుంటాయి. ఆ సంఖ్యను కాలిక్యులేటర్‌లో సగం చేస్తూ పో. 36 సార్లు సగం చేసేసరికి ఒకటి కంటే తక్కువకు వస్తుంది. 36 సార్లు అంటే రెండు లక్షల ఏళ్లు కొంచెం దాటుతుంది. పాతిక కోట్ల ఏళ్లలో ఇక ఏం మిగులుతుంది? నిజానికి ఇప్పటి పరికరాలు కూడా 50 వేల ఏళ్లు దాటితే చేతులెత్తేస్తాయి, ఎందుకంటే అప్పటికే మిగిలింది వెయ్యిలో రెండు మూడు పాళ్లు మాత్రమే. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. దాని వయసు కార్బన్‌తో చెప్పారని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అది జురాసిక్ కాలానిది. అంత పాత కాలాలకు రాతిపొరలను, వాటిలోని యురేనియం, పొటాషియం లాంటి నిదానంగా మారే మూలకాలను చూస్తారు. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు.

కాబట్టి బల్ల మీద రెండు పళ్లాలు పెట్టు. ఒకదాంట్లో రాక్షసి బొగ్గు, మరోదాంట్లో మీ పొయ్యిలోని కర్ర బొగ్గు. వచ్చినవాళ్లను ‘ఏ పళ్లెంలో కార్బన్-14 ఉంది’ అని అడుగు. చూపుకు రెండూ నల్లగానే ఉంటాయి. జవాబు చెప్పే ముందు వాళ్లు ఆలోచిస్తారు, అక్కడి నుంచి నువ్వు కథ మొదలుపెట్టొచ్చు.

కొలిచే పద్ధతులు రెండు. లిబ్బీ కాలంలో పేలే చప్పుడు విన్నట్టుగా, మారుతున్న పరమాణువులు వదిలే ఎలక్ట్రాన్లను లెక్కపెట్టేవారు. బతికున్నదాని ఒక గ్రాము కార్బన్‌లో నిమిషానికి సుమారు 14 మాత్రమే మారతాయి. 6,000 కోట్లలో 14! అందుకే చాలా రోజులు వేచి ఉండాల్సి వచ్చేది, నమూనా కూడా ఎక్కువ కావాల్సి వచ్చేది. 1977 తరువాత యాక్సిలరేటర్ పద్ధతి వచ్చింది. అది పేలే దాకా ఆగదు, పెనంలో పేలకుండా మిగిలిన గింజల్నే ఏరి లెక్కపెడుతుంది. దానికి ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు, ఒక్క గింజతో పని అయిపోతుంది. మన దేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో ఈ యంత్రాలున్నాయి. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో కూడా ఎంతోకాలంగా రేడియో కార్బన్ పని జరుగుతోంది.

మరి నీకు దొరికిన బొగ్గు ముక్కల్ని అక్కడికి పంపొచ్చా? వద్దు బిడ్డా. అవి నేల మీద దొరికాయన్నావు. గొర్ల కాపరులు పోయినేడు చలిమంట వేసుకున్న బొగ్గు కావచ్చు, ఎండాకాలం గుట్టకు నిప్పంటుకుంటే మిగిలిందీ కావచ్చు. యంత్రం ఆ చెట్టు ఎప్పుడు చచ్చిందో సరిగ్గానే చెబుతుంది. కానీ ఆ చెట్టుకూ సమాధికీ ఏం సంబంధం? ఆ సంబంధం రుజువయ్యేది బొగ్గు ఏ పొరలో, దేనికింద, దేని పక్కన ఉందో చూస్తూ, రాసుకుంటూ తవ్వినప్పుడే. అది శిక్షణ పొందినవాళ్లు అనుమతితో చేసే పని. నువ్వూ నీ స్నేహితులూ గడ్డపార పట్టుకుని వెళ్లొద్దు. అనుమతి లేకుండా తవ్వడం నేరం, అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే ఒకసారి కదిలిన పొరను మళ్లీ ఎవరూ చదవలేరు. నిధులున్నాయని ఇలాంటి సమాధుల్ని పగలగొట్టినవాళ్ల వల్ల ఇప్పటికే చాలా పోయింది. తాడ్వాయి మండలం దామరవాయి రాకాసి గుళ్లు ఎంత అపురూపమైనవో మీ జిల్లా పిల్లవు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది. నువ్వు చేయగలిగింది వేరే ఉంది. బండల పొడవు, వెడల్పు, మందం టేపుతో కొలువు. ఏ దిక్కుకు తెరిచి ఉన్నాయో దిక్సూచితో చూడు. ఫోటోలు తియ్యి, ఒక పటం గీయి, ఊళ్లో పెద్దవాళ్లు వాటి గురించి చెప్పే కథ రాసుకో. ఆ కాగితాలు నీ బల్ల మీద ఉండాలి.

నమూనా ఎంపిక గురించి ఇంకో మాట, ఇది చాలామంది పెద్దవాళ్లకు కూడా తట్టదు. ఊళ్లో కోత మిషన్ దగ్గర టేకు మొద్దు అడ్డంగా కోసినప్పుడు వలయాలు కనిపిస్తాయి. చెట్టు బతికే ఉన్నా లోపలి చేవ కొత్త కార్బన్ తీసుకోదు. ఏ ఏడు పెరిగిన వలయంలో ఆ ఏటి కార్బనే ఉండిపోతుంది. 200 ఏళ్ల టేకును నరికి కాలిస్తే, మధ్య చేవ బొగ్గు నరికిన రోజు కంటే 200 ఏళ్లు పాతదని చూపిస్తుంది. పైగా పాత ఇంటి దూలాన్ని కొత్త ఇంటికి వాడుకోవడం మన దగ్గర మామూలే. ఉత్తర తెలంగాణలో కోనసముద్రం లాంటి చోట ఇనుము, ఉక్కు తీసిన కొలుములున్నాయి, ఇనుప చిట్టెం కుప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ చిట్టెంలో ఇరుక్కున్న బొగ్గును పరీక్షిస్తే ఈ చిక్కే వస్తుంది. ముసలి చెట్టు బొగ్గా, లేత కొమ్మదా అని ముందు చూడాలి. అందుకే దొరికితే గింజను ఎంచుకుంటారు. వరి, జొన్న, పెసర ఒక్క పంటకాలమే బతుకుతాయి. నత్తగుల్లలతో ఇంకా జాగ్రత్త. సున్నపురాయి మీదుగా వచ్చిన నీటిలో పాత కార్బన్ కలిసి ఉంటుంది, గుల్ల అసలు కంటే పాతదిగా కనిపిస్తుంది.

కలుషితం కావడం కూడా పెద్ద బెడద. కార్బన్-14 ఏమాత్రం మిగలని రాక్షసి బొగ్గులో నూటికి ఒక పాలు ఇప్పటి కార్బన్, వేళ్లో, చేతి నూనో కలిసిందనుకో. యంత్రం దాన్ని సుమారు 38 వేల ఏళ్ల నాటిదని చెబుతుంది. పాతిక కోట్లు ఎక్కడ, 38 వేలు ఎక్కడ! అందుకే ల్యాబ్‌లో ముందు యాసిడ్‌తో, క్షారంతో, మళ్లీ యాసిడ్‌తో కడుగుతారు.

జడ్జీలలో తెలిసినవాళ్లుంటే తప్పకుండా ఒకటి అడుగుతారు: గాలిలో కార్బన్-14 ఎప్పుడూ ఒకే పాళ్లలో ఉందా? లేదు. సూర్యుడి తీరును బట్టి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కాస్త హెచ్చుతగ్గులయ్యాయి. చెరువు మట్టమే మారితే కుంట లెక్క తప్పుతుంది కదా. దీన్ని సరిదిద్దింది చెట్ల వలయాలే. యూరప్‌లో పాత దుంగల వలయాల్ని ఒకదానికొకటి జోడించి 12 వేల ఏళ్లకు పైగా ఏడాది ఏడాదికీ లెక్కపెట్టారు. ఏ ఏటి వలయంలో ఎంత కార్బన్-14 ఉందో కొలిచి ఒక వక్రరేఖ గీశారు. ఇంకా పాత కాలానికి సరస్సు అడుగు పొరలు, గుహల్లోని సున్నపు స్తంభాలు, పగడాలు చూశారు. ఇప్పుడు వాడే ఇంట్‌కాల్20 అనే రేఖ 55 వేల ఏళ్ల దాకా వెళుతుంది. ల్యాబ్ ఇచ్చే అంకె ‘ఇప్పటికి ఇన్నేళ్ల ముందు’ అని ఉంటుంది. ఆ ‘ఇప్పుడు’ అంటే 1950 అని అందరూ ఒప్పుకున్నారు. ఆ అంకెను లిబ్బీ వాడిన 5,568 అర్ధాయువుతోనే ఇస్తారు, అందరి ఫలితాలూ పోల్చుకోవడానికి. తరువాత రేఖతో సరిచేస్తే అసలు కాలం వస్తుంది.

ఇక్కడ మన రాకాసి గుళ్లకు ఒక దురదృష్టం ఉంది. దక్షిణ భారతంలో ఇలాంటి సమాధులు ఎక్కువగా క్రీ.పూ. 1000 నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల మధ్యవి. ఆ రేఖ సరిగ్గా క్రీ.పూ. 800 నుంచి 400 దాకా దాదాపు చదునుగా ఉంటుంది. ల్యాబ్ 2,450 ప్లస్ ఆర్ మైనస్ 30 అని ఇచ్చిందనుకో, మామూలు తీసివేతతో క్రీ.పూ. 500 అనేస్తాం. కానీ రేఖతో చూస్తే అది క్రీ.పూ. 750 నుంచి 410 దాకా ఎక్కడైనా కావచ్చు. మంచి యంత్రం ఉన్నా సరే, ఆ నాలుగు వందల ఏళ్లలో ముందు వెనకలు తేల్చడం కష్టం. అప్పుడు కుండల తీరు, ఇనుప పనిముట్ల తీరు, ఒకే చోట పొరల వరుస సాయం చేయాలి. ఇది జడ్జీలకు నువ్వు చెప్పగలిగితే, నీ ప్రాజెక్టు నీ ఊరి కోసమే చేసినట్టు వాళ్లకు అర్థమవుతుంది.

ఈ పద్ధతి మన రాష్ట్రానికి ఇచ్చిన గొప్ప సాయం ఒకటి చెప్పాలి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే ఊరుంది, ఆదిలాబాద్ ఉట్నూరు వేరు. అక్కడ పెద్ద బూడిద దిబ్బ ఉండేది. అది పూర్వం పశువుల దొడ్లలో పేరుకున్న పేడ కాలగా మిగిలిందని 1957లో తవ్వి తేల్చింది ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త. అక్కడి బొగ్గును రేడియో కార్బన్‌తో చూస్తే నాలుగు వేల ఏళ్లకు పైబడిన కాలం వచ్చింది. మన నేల మీద అప్పటికే ఆలమందలు కాచుకుంటూ మనుషులు బతికారని అంకెతో సహా తెలిసింది అలాగే.

ఇప్పుడు చింత గింజలు. పచ్చీసు ఆడటానికి గింజను బండ మీద అరగదీస్తారు కదా, ఒకవైపు తెలుపు, మరోవైపు నలుపు. అలాంటివి వంద చెయ్యి. వందా చేటలో వేసి ఎగరేసి పరుపు. తెలుపు పైకి వచ్చినవి నైట్రోజన్‌గా మారిపోయినట్టు, తీసి పక్కన పెట్టు. మిగిలినవి లెక్కపెట్టి రాసుకో. మళ్లీ ఎగరెయ్యి. ఇలా అన్నీ అయిపోయేదాకా. విసురు సంఖ్య అడ్డంగా, మిగిలిన గింజలు నిలువుగా గ్రాఫ్ గీస్తే రేఖ మొదట నిటారుగా పడి తరువాత మెల్లగా వాలుతుంది. కానీ మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చెయ్యి. గింజలేవీ తీయకుండా పదిసార్లు ఎగరేసి తెలుపు సగటున ఎన్ని పడుతున్నాయో చూడు. అరగదీసిన తీరును బట్టి 50 రాకపోవచ్చు. 50 వస్తే ఒక విసురు 5,730 ఏళ్లు. 45 వస్తే ఒక విసురు సుమారు 4,940 ఏళ్లకు సమానం. ఆ పరీక్ష చేశానని చెప్పు, దాచకు.

తరువాత ఫేర్‌లో ఇలా ఆడించు. నీ స్నేహితురాలు గుడ్డ చాటున తనకు తోచినన్ని విసురులు వేసి, మిగిలిన గింజల్ని గిన్నెలో తెచ్చిస్తుంది. వచ్చినవాళ్లు ఆ గింజలు లెక్కపెట్టి నీ గ్రాఫ్ మీద చూసి ఎన్ని విసురులో చెప్పాలి. 13 మిగిలితే మూడు విసురులని చెబుతారు, ఎక్కువసార్లు నిజమే అవుతుంది. 9 మిగిలితే మూడో, నాలుగో చెప్పలేరు. ల్యాబ్ రిపోర్టులో ప్లస్ ఆర్ మైనస్ ఎందుకు ఉంటుందో వాళ్ల చేతికే తెలిసిపోతుంది. ఆ గుర్తు తప్పు చేసినట్టు కాదు. అసలు విలువ ఆ హద్దుల మధ్య ఉండే అవకాశం నూటికి 68 పాళ్లు అని అర్థం. పది గింజలతో ఒకసారి, వంద గింజలతో ఒకసారి ఆడించి చూడు, పది గింజలప్పుడు జవాబు ఎంత చెదిరిపోతుందో కనిపిస్తుంది.

1950ల్లో, 60ల మొదట్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల ఉత్తరార్ధగోళం గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది, 1963 ఒప్పందం తరువాత తగ్గుతూ వచ్చింది. రాక్షసి బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల కార్బన్-14 లేని కార్బన్ గాలిలో కలుస్తోంది. ఈ రెండూ ఎవరైనా అడిగితే చెప్పు, లేకపోతే వదిలెయ్.

చివరగా తాతయ్య తాటాకు గ్రంథం. తాటాకు నమూనాగా మంచిదే, కొద్ది కాలమే బతికిన ఆకు. కానీ పరీక్షకు ముక్క కోసి కాల్చాలి, అది నాకు ఇష్టం లేదు. పైగా 1650 నుంచి 1950 మధ్య ఆ వక్రరేఖ బాగా వంకర్లు తిరుగుతుంది. ఒకే కొలతకు మూడు నాలుగు కాలాలు సరిపోతాయి. మన సంవత్సరాల పేర్లతో పోల్చుకో. ప్రభవ నామ సంవత్సరం అని ఒక్కటే రాసి ఉంటే అది 1987లో మొదలైన ప్రభవా, 1927దా, 1867దా? అరవై ఏళ్లకొకసారి అదే పేరు వస్తుంది. శక సంవత్సరమో, రాజు పేరో తోడుంటే గానీ తేలదు. వక్రరేఖ ఇచ్చే జవాబుదీ అదే తీరు. తాటాకు గ్రంథాల్లో చాలావరకు ఆఖరి ఆకు మీద రాసినవారు సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం, ఒక్కోసారి తన పేరు, ఊరు పెడతారు. తిథి, వారం, మాసం మూడూ కలిసి సరిపోయే సంవత్సరాలు కొన్నే ఉంటాయి. తాతయ్య పక్కన కూర్చుని, ఆకుల్ని వంచకుండా, తడి చేతులతో ముట్టకుండా ఆ ఆఖరి ఆకు చదివించుకో. అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే కాగితం మీద దించి నాకు రాసి పంపు. ఆ సంవత్సరం ఏదో పంచాంగ గణితంతో కలిసి తేలుద్దాం.